తంత్రీనాదమునకు విద్యుత్తు ఊపిరి

మీటిన తంత్రి పలికిన క్షణము నుండియే దాని నాదము క్షీణింపనారంభించును. వయొలినుకు కమాను కలదు. వేణువునకు ఊపిరి కలదు. వీణకును గిటారుకును వ్రేలు ఒక్కసారి యిచ్చిన శక్తియే ఆధారము. ఆ శక్తి గాలిలోనికిని కొయ్యలోనికిని తరలిపోగానే నాదము అణగును. తంబుర శ్రుతి తెగకుండుటకై తంత్రులను మరల మరల మీటుట మన పెద్దల ఉపాయము. ఒకసారి మీటిన తంత్రినే విద్యుత్తుచే నిలుపుటకు పాశ్చాత్యదేశములందు జరిగిన కృషికి శతాబ్దమునకు మించిన చరిత్ర కలదు.

1831లో ఇంగ్లండున మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెను. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ శ్రుతిదండములను విద్యుదయస్కాంతములచే ఎడతెగక కంపింపజేసి, ఆ ప్రయోగములను 1863లో వెలువడిన తన ధ్వనిశాస్త్ర గ్రంథమున వివరించెను. 1909లో అమెరికాలోని బోస్టన్ నగరమున మెల్విన్ సెవరీ ‘కోరల్‌సెలో’ అను వాద్యమును ప్రదర్శించెను. అందు సుత్తి దెబ్బ లేకయే అయస్కాంతములు పియానో తంత్రులను దీర్ఘముగ పలికింపగలిగెను. కాని యది చోటు మార్చుటకు వీలుకాని బృహద్యంత్రము.

ట్రాన్సిస్టరు వచ్చిన పిదప ఆ పని అరచేతిలోనికి ఒదిగెను. 1969లో అమెరికాలో గ్రెగ్ హీట్ రూపొందించిన ‘ఈబో’ 1976లో విపణికి వచ్చెను. అందొక తీగచుట్ట తంత్రి కంపనమును గ్రహించును. ఆంప్లిఫయరు దానిని పెంచును. రెండవ తీగచుట్ట ఆ బలమును అయస్కాంత రూపమున తంత్రికే తిరిగి యిచ్చును. 1980ల దశకమున కెనడా దేశస్థుడు మైకేల్ బ్రూక్ ఇట్టి యేర్పాటును గిటారులోనే అమర్చి ‘ఇన్ఫినిట్ గిటార్’ అని పేరిడెను. యూటూ బృందము వారి 1987 నాటి ‘విత్ ఆర్ వితౌట్ యూ’ గీతమున వినవచ్చు దీర్ఘనాదము దానిదే.

ఈ బ్రూక్‌తో తెలుగువారికొక సంబంధము కలదు. 1969లో పాలకొల్లున జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్, జంట తంత్రుల మాండొలిన్‌ను విడిచి, అయిదు ఒంటి తంత్రుల విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక గమకములను పలికించెను. గమకము సాగవలెనన్న నాదము నిలువవలెను గదా! ఆయనయు బ్రూకును కలిసి చేసిన ‘డ్రీమ్’ 1995లో వెలువడెను.

గిటారుకు సాధ్యమైనది బేస్ గిటారుకు సులభము కాలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రవేశపెట్టిన ప్రెసిషన్ బేస్‌లో మందపు తంత్రి సెకనుకు సుమారు 41 మార్లు కంపించును. గిటారు మందపు తంత్రి సుమారు 82 మార్లు. బరువైన తంత్రిని కదల్చుటకు ఎక్కువ శక్తి కావలెను. పైగా గిటారు తంత్రుల ఎడమునకు అనువుగా చేసిన ఈబో, బేస్ తంత్రులపై కుదురుగా కూర్చొనదు. అందుచే ఔత్సాహికులు తమ యింటి బల్లపైననే సాధనమును నిర్మించుకొన పూనిరి.

పలుచని ఇనుపరేకు చుట్టు సన్నని ఎనామిల్ రాగితీగను, నిరోధము 8 ఓములకు వచ్చువరకు చుట్టుదురు. చుట్టలు తాము కదలకుండునట్లు జిగురుతో బిగింతురు. దానిని మెడ చివర తంత్రుల క్రింద నిలిపి, వంతెన వద్దనున్న పికప్ నుండి వచ్చు సంకేతమును ఎల్‌ఎం386 వంటి చిన్న ఆంప్లిఫయరు ద్వారా దానికి పంపుదురు. ఇంతవరకు పని తేలికయే. తీగచుట్ట యొక్క అయస్కాంత క్షేత్రము నేరుగా పికప్‌ను తాకినచో కర్ణకఠోరమైన కూత పుట్టును. కావున రెంటిని వీలైనంత దూరముగ నుంచవలెను. తొమ్మిది వోల్టుల బ్యాటరీ త్వరగా నీరసించును. అన్నిటికంటె చిక్కు కాలనియమమున కలదు. తీగచుట్టలో విద్యుత్ప్రవాహము కొంత వెనుకబడును. ఉయ్యాల ముందుకు పోవునపుడు త్రోసిన ఊపు పెరుగును, ఎదురు త్రోసిన ఆగిపోవును. అట్లే రెండు తీగలను తారుమారుగ కలిపినచో నాదము నిలుచుటకు మారుగ మరింత వేగముగ చచ్చును. లేదా మూలస్వరమును వీడి పైస్థాయి స్వరమొకటి పలుకును.

బేస్ గిటారు సంగీతమున తాళమునకు తోడు నిలుచు వాద్యము. దాని నాదము సకాలమున అణగుటయు దాని గుణమే. అందుచే వివేకియైన నిర్మాత తన పరికరమున ఒక మీటను తప్పక అమర్చుకొనును. నాదమును నిలుపుట ఎంత అవసరమో, కోరినపుడు విడిచిపెట్టుటయు వాదకునకు అంతే అవసరము.