తలంటు పోయి షాంపూ వచ్చె!

మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున ఓ చిన్నపాటి యుద్ధం. మా అమ్మాయిది ఉంగరాల జుట్టు, పైగా వెంట్రుక పట్టుదారమంత సన్నం. (అది నా వైపు నుంచే వచ్చిందని మా ఆవిడ వాదన. నిజమే లెండి.) దువ్వెన పెడితే ఏడుపు, పెట్టకపోతే మర్నాటికి అట్ట కట్టేస్తుంది. మెడ దాటిందో లేదో "పోనీ కత్తిరించేద్దాం" అని నాలుగేళ్ళుగా అదే తీర్పు. ఈసారి మాత్రం అడ్డం తిరిగింది. "నా జుట్టు మంచిది కాదా నాన్నా? నేను పెంచుకుంటా" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో బగ్గొస్తే ముందు అడిగేది, పాత వెర్షన్లో ఇది ఉందా అని. మా నాయనమ్మదీ అచ్చం ఇదే జుట్టు. నడుం దాకా ఉండేది! మరి మధ్యలో మారిందేంటి? ఆ అనుమానంతో తవ్వడం మొదలెడితే కథ వెళ్ళి పాట్నాలో తేలింది.

షాంపూ అన్నది మన దేశం మాటే. హిందీలో 'చాంప్‌నా' అంటే నొక్కడం, పిసకడం. 1762 నాటికే అది ఇంగ్లీషులోకి దూరింది. కానీ అప్పట్లో దానర్థం ఒళ్ళు పట్టడం, జుట్టు కడగడం కాదు. దాన్ని ఇంగ్లండులో ఫ్యాషన్ చేసినవాడు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేశాడు, 1784లో ఐర్లండు వెళ్ళిపోయాడు. 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. 1810లో లండన్లో 'హిందూస్తానీ కాఫీ హౌస్' పెట్టాడు, 1812కల్లా దివాలా. (స్టార్టప్ మిత్రులు ధైర్యం తెచ్చుకోవచ్చు.) తర్వాత సముద్రం ఒడ్డున బ్రైటన్ చేరి మూలికల ఆవిరి స్నానం, ఆపైన మర్దన మొదలుపెట్టాడు. ఆ మర్దనకే షాంపూ అని పేరు. నాలుగో జార్జి, నాలుగో విలియం, ఇద్దరు రాజులకూ అధికారికంగా 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు!

ఆయన 1851లో పోయాడు. 1860లు వచ్చేసరికి ఆ మాట ఒంటి మీంచి తలకెక్కింది, సబ్బుతో తల రుద్దుకోవడం అనే అర్థంలో. 1903లో బెర్లిన్లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ షాంపూ పొడి అమ్మాడు. 1934లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు 'డ్రీన్' తెచ్చారు. ఇది సబ్బు కాదు, డిటర్జెంటు. సబ్బయితే ఉప్పునీళ్ళలో తెల్లటి తెట్టు వదుల్తుంది (బోరు నీళ్ళ బాధితులకు నేను చెప్పక్కర్లేదు). డిటర్జెంటుకి ఆ గొడవ లేదు. ఇంజినీరింగ్ పరంగా వంక పెట్టలేం. కాకపోతే మాటలో ఉన్న 'చెయ్యి' మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

అలా జారిపోయాకే అది మళ్ళీ మన ఊళ్ళకొచ్చింది. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ 'చిక్' షాంపూ మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న చిన్ని కృష్ణన్ పేరులోంచి వచ్చిన పేరది. (తెలుగువాడికి అది 'చిక్కు'లాగే వినపడ్డా కొన్నాడు.) సాషేలు పల్లెటూరి కిళ్ళీకొట్టులో కూడా దండల్లా వేలాడాయి. దాంతో మన తలంటు మూలపడింది.

తలంటు అన్న మాటలోనే పని ఉంది చూడండి. అంటడం అంటే పూయడం. ముందు మాడుకీ కొసలకీ నూనె. ఆ తర్వాత కొట్టి నానేసి పిసికిన కుంకుడుకాయ రసం. (ఆ చెట్టు శాస్త్రీయ నామం 'సపిండస్' కూడా లాటిన్లో 'ఇండియా సబ్బు' అన్న మాటల్లోంచి పుట్టిందే.) అందులో మందారాకుల జిగురు. రసం కళ్ళల్లో పడితే నోట్లో ఉప్పుకల్లు. ఆఖర్న వేళ్ళతో కొసల నుంచి పైకి నిదానంగా చిక్కు తీయడం.

ఇది మా జుట్టుకి ఎందుకు పనిచేసింది? తలలో ఊరే నూనె మెలికలు దాటి కొసల దాకా రాదు. కొసలు ఎండి, వెంట్రుక మీది పొలుసులు లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సన్నటి వెంట్రుకైతే ఇంకా సులువుగా ముడిపడుతుంది. డిటర్జెంటు ఉన్న ఆ కాస్త నూనెనీ లాగేస్తుంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు ఒక పేపర్లో చూపించారు. (వాళ్ళు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే, అదీ గుర్తుంచుకోవాలి.) మందారం జిగురు చేసిన పనే ఇప్పుడు కండిషనర్ చేస్తోంది, సీసా వేరు.

అంతా మన పెద్దవాళ్ళే కనిపెట్టేశారు అనే బాపతు టపా కాదిది. కుంకుడు రసం మంట నాకింకా గుర్తుంది. పైగా మా అత్తయ్యలు ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి తలంటేసరికి నాయనమ్మకి సగం రోజు అయిపోయేదట. ఆ సగం రోజుకి ఎవరూ లెక్క కట్టలేదు. షాంపూ గెలిచింది అక్కడే. ఒక్కళ్ళం, పది నిమిషాల్లో, ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా కానిచ్చేయొచ్చు. తిన్నటి జుట్టు దానికి సర్దుకుపోయింది. ఉంగరాల జుట్టు సర్దుకోలేకపోయింది, దాన్ని మనం 'మంచిది కాదు' అనేశాం.

ఇప్పుడు మా ఇంట్లో శనివారం రాత్రి నూనె. ఆదివారం షాంపూ మాడుకి మాత్రమే, కండిషనర్ కిందికంతా. అది కడగకముందే పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీయడం. ఆ డ్యూటీ నాది, నలభై నిమిషాలు పడుతోంది. దీన్ మహమ్మద్ కథ అప్పుడే చెప్పాను. "అంటే నువ్వు కూడా షాంపూయింగ్ సర్జన్‌వేగా!" అంది. ఏడవలేదు. జుట్టు భుజాలు దాటింది.

మీ ఇళ్ళల్లో ఈ డ్యూటీ ఎవరిది?