ఉప్పు మోసినవాళ్లు

ఉప్పు పండాలంటే వాన పడకూడదు. మృగశిర కార్తెలో వరి రైతు మబ్బు కోసం ఎదురుచూస్తుంటే, మా తీరంలో ఉప్పు రైతు అదే మబ్బును తిట్టుకుంటాడు. ఒంగోలుకూ చీరాలకూ మధ్య కనుపర్తి, చినగంజాం పక్కల ఆ తిట్లు వింటూ పెరిగినవాణ్ణి నేను. తర్వాత ఆ చుట్టుపక్కల బళ్లలోనే సోషలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు దండి యాత్ర ఏటా చెప్పాను కానీ, ఉప్పు కథ అక్కడ మొదలూ కాలేదు, అక్కడ ముగియనూ లేదు.

మా వైపు ఉప్పు పండించే చోటును ఉప్పు కొఠార్లంటారు. సంక్రాంతి వెళ్లాక మడుల పని మొదలవుతుంది. నేలను తడిపి, కాళ్లతో తొక్కి తొక్కి గట్టి చేస్తారు. నేల వదులైతే మట్టి కలిసి ఉప్పు నల్లబడుతుంది. తర్వాత పాయ నీళ్లనో బోరు నీళ్లనో పెద్ద మడిలోకి పెట్టి కొన్నాళ్లు ఎండనిచ్చి, ఇంకో మడిలోకి మళ్లించి, అక్కణ్ణించి చిన్న మడిలోకి వదులుతారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. బామే మీటరనే గాజు గొట్టం వేసి చూస్తే అది 3 డిగ్రీల పైచిలుకు. 25 దాటితే గానీ ఉప్పు రాయి కట్టదు. 30 దగ్గరికి వచ్చిందంటే మిగిలిన నీళ్లను బయటికి వదిలెయ్యాలి. లేకపోతే మెగ్నీషియం దిగి ఉప్పు చేదెక్కుతుంది, సంచిలో చెమ్మగిల్లుతుంది. పాతవాళ్లకు గాజు గొట్టంతో పని లేదు. నీళ్లు ఎర్రబారడం చూసి, వేలు ముంచి నాలుకకు రాసుకుని చెప్పేసేవారు. పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో ఉప్పును గట్టు మీదికి లాగి, కుప్పవేసి, వానలకు ముందే తాటాకు కప్పేవారు.

మా నాయనమ్మ కొత్తుప్పును వంటలో వేసేది కాదు. వెదురుబుట్టలో పోసి కింద మూకుడు పెట్టేది. చెమ్మంతా చుక్కచుక్కగా కారిపోయాకే జాడీలోకి ఎత్తేది. ఆవకాయకైతే ఆ రాళ్లుప్పునే మళ్లీ ఎండబెట్టి దంచి జల్లించేది. ఎవరైనా బదులుకొస్తే ఉప్పు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టేది. చేతికిస్తే తగాదాలొస్తాయట. ఈ నమ్మకం సంగతి వదిలేసినా, చేదు నీరు కారనివ్వడంలో ఆమె లెక్క రసాయనశాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు రాళ్లుప్పే అసలైనదనీ, ప్యాకెట్ ఉప్పు మోసమనీ చెప్పేవాళ్లు పెరిగారు. నేను వాళ్లలో చేరను. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956లో మొదలుపెట్టిన పరిశీలన, ఉప్పులో అయోడిన్ కలిపితే గొంతువాపు తగ్గుతుందని తేల్చింది. 2006 నుంచి తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలి. దాంతో మా రైతు మామూలు ఉప్పు ఎండుచేపలకూ, ఐసు ఫ్యాక్టరీలకూ, తోళ్లకూ పోతోంది. అతనికది దెబ్బే. అయినా నిబంధన సరైనదే. ఇంట్లో చెయ్యాల్సిందల్లా డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించబోయే ముందు ఉప్పు వెయ్యడం. చెమ్మకూ వేడికీ అయోడిన్ పోతుంది.

ఇక అసలు సంగతి. 1805లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారాన్ని తన గుత్త కిందికి తెచ్చుకుంది. పండించినవాడు మొత్తం సర్కారుకే అప్పగించాలి. అతని కష్టానికి ఇచ్చే డబ్బుకు కుడివారమని పేరు. కొనేవాడు సర్కారు కొఠారులోనే, సర్కారు చెప్పిన ధరకే కొనాలి. మొదట గరిసె అనే పెద్ద కొలతకు 70 రూపాయలన్నారు, నాలుగేళ్లకే 105 చేశారు.

1882లో దేశమంతటికీ ఒకే పన్ను పెట్టారు, మణుగుకు 2 రూపాయలు. ఇది మన బజారు మణుగు కాదు, 82 పౌన్ల సర్కారు మణుగు. పాఠాలు రాసేవాళ్లు కూడా ఇక్కడ తడబడుతుంటారు. 1888లో దాన్ని రెండున్నర రూపాయలు చేశారు, అంటే 40 అణాలు. మణుగుకు 40 శేర్లు కనుక శేరుకు సరిగ్గా అణా. తర్వాత తగ్గిస్తూ, పెంచుతూ వచ్చారు. 1923లో మళ్లీ రెండున్నరకు ఎక్కించి, గోల లేచాక మరుసటేడు సగం చేశారు. గాంధీగారు దండికి బయలుదేరేనాటికి శేరుకు అర్ధణా. ధనవంతుడూ కూలివాడూ తినే ఉప్పు ఇంచుమించు ఒకటే కనుక ఆ అర్ధణా బరువు కూలివాడి మీదే.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లాడు అడిగాడు: "మన పక్కనే కొఠార్లున్నాయి కదండీ, రాత్రిపూట వెళ్లి గుప్పెడు తెచ్చుకుంటే ఎవరాపుతారు?" మంచి ప్రశ్న. సాల్టు డిపార్టుమెంటు ఆపేది. కాపలా జవాన్లుండేవారు. ఎండాకాలం పాయల ఒడ్డున దానంతటదే పేరుకున్న ఉప్పును కూడా ఎవరికీ దక్కకుండా తొక్కించి మట్టిపాలు చేయించేవారు. చౌడు మట్టిని కడిగి ఉప్పు తీయడమూ నేరమే. ఆ పనే కులవృత్తిగా బతికిన ఉప్పరవాళ్లు అది మూతపడ్డాక చెరువులూ కాలువలూ తవ్వే మట్టిపనికి మళ్లారు.

పండించేవాళ్ల సంగతి ఇంతమాత్రమైనా పుస్తకాల్లో కనిపిస్తుంది. మోసేవాళ్ల సంగతే కనిపించదు.

రైలు రాకముందు తీరంలోని ఉప్పు పడమటి ఊళ్లకు ఎలా చేరేది? పెరికెద్దుల మీద, గాడిదల మీద. లంబాడీలు పెద్ద పెద్ద బిడారాలతో దూరాలకు పోయేవారు. చిన్న చిన్న ఊళ్లకు, దారీ తెన్నూ లేని చోట్లకు తిరిగినవాళ్లు ఎరుకలవాళ్లు. వాళ్లలో ఉప్పు ఎరుకలని ఒక శాఖే ఉంది. కరివేపాకు ఎరుకలు, వెదురు దబ్బలతో బుట్టలల్లే దబ్బ ఎరుకలు వేరు. తీరంలో ఉప్పు ఎత్తుకుని, పడమటి ఊళ్లలో గింజలకు మార్చి, ఆ గింజలతో తీరానికి తిరిగొచ్చేవారు. డబ్బుతో పెద్దగా పని లేని బేరం అది. మా ఇంటికి చేటలు తెచ్చే ఎరుకల అవ్వ, తన ముత్తాతకు ఎద్దుల మంద ఉండేదని చెబితే మా నాయనమ్మ నవ్వేది. చేటలమ్మే ఇంట్లో మందెక్కడిదని ఆమె అనుమానం. అవ్వ చెప్పింది నిజమే అయ్యుంటుందని నాకు చదువుకున్నాక గానీ అర్థం కాలేదు.

గుత్త వచ్చాక సర్కారు కొఠారులో రొక్కం చెల్లించి టోకున కొనగలవాడిదే రాజ్యమైంది. 1876 నాటి ధాత కరువులో మేత లేక పశువులు కుప్పకూలాయి. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చి మేతకూ వెదురుకూ అడ్డుపడింది. ఆ శతాబ్దం ముగిసేలోపు తీరం పొడుగునా రైలు నడిచింది. బకింగ్‌హాం కాలువలో పడవలు సరేసరి. ఎద్దు మీద రెండు సంచులు వేసుకుని తిరిగేవాడికి ఇక బేరమేముంటుంది?

బేరం పోయినా తిరుగుడు పోలేదు. తిరిగేవాణ్ణి చూస్తే పోలీసుకు అనుమానం. 1871లో ఉత్తరాదిన పెట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసుకూ తెచ్చారు. దాని కింద ఎరుకలవాళ్లను నేరస్థ జాతిగా ప్రకటించారు. పుట్టిన కులాన్ని బట్టి పేరు నమోదు, వేలిముద్ర, ఠాణాలో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. దొంగతనాలు జరగలేదని నేననను. కానీ కడుపుకూడు లాగేసిన ప్రభుత్వమే ఒక జాతినంతా దొంగలని రాయించుకోవడం, ఉప్పు పన్ను కంటే పెద్ద అన్యాయం. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వాళ్లకోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరిట అది స్టువర్టుపురమైంది. అక్కణ్ణించి చినగంజాం కొఠార్లు కూతవేటు దూరం కాకపోయినా, ప్యాసింజరు రైల్లో కాసేపటి ప్రయాణమే. సినిమాల వల్ల ఆ ఊరి పేరు వినని తెలుగువాడు లేడు. ఆ ఊరికీ ఉప్పుకూ ఉన్న సంబంధం మాత్రం ఎవరూ చెప్పరు.

1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో ఉప్పు పట్టుకున్నాక మన తీరమూ కదిలింది. కొండా వెంకటప్పయ్యగారు నాయకత్వం వహించారు. ఒంగోలు దగ్గరి దేవరంపాడు శిబిరమైంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు కేంద్ర శాసనసభ సభ్యత్వం వదులుకుని ఉప్పు వండారు. దేవరంపాడులో ఆ పోరాటానికి గుర్తుగా విజయస్తంభం ఉంది. మరుసటి ఏడు మార్చి 5న గాంధీ–ఇర్విన్ ఒడంబడిక కుదిరింది. అందులో ఉప్పు గురించిన మాటను ఇప్పటికైనా జాగ్రత్తగా చదవాలి. ఉప్పు దొరికే ఊళ్లవాళ్లు ఇంటి వాడకానికి తీసుకోవచ్చు, తమ ఊళ్లోనే అమ్ముకోవచ్చు. బయట అమ్మకూడదు. అంటే తీరంలో ఇల్లున్నవాడికి ఊరట దొరికింది. బయటి ఊళ్లకు మోసుకెళ్లడమే బతుకైన వాడికి ఏమీ దొరకలేదు. నాయకులను తప్పుబట్టడం లేదు. అప్పటికి ఆ మోసేవాళ్లు వాళ్ల కంటికే కనిపించడం మానేశారు.

కనిపించినవాళ్లు తర్వాత వచ్చారు. నాస్తికవాది గోరాగారి కొడుకు ఆ సత్యాగ్రహపు ఏడాదే పుట్టాడు. అందుకే లవణం అని పేరు పెట్టారు. ఆ లవణంగారూ, ఆయన భార్య, కవి జాషువాగారి కూతురు హేమలతగారూ 1970ల నుంచి స్టువర్టుపురంలో పనిచేశారు. నేరస్థులన్న ముద్ర నుంచి అక్కడి కుటుంబాలను బయటికి తేవడానికి ఏళ్ల తరబడి శ్రమించారు.

ఉప్పు పన్ను 1947లో పోయింది. నేరస్థ జాతుల చట్టం దేశంలో పూర్తిగా పోయింది 1952 ఆగస్టు 31న. నా తర్వాత సోషలు చెబుతున్న మాస్టర్లకు ఒక మనవి. పిల్లల్ని విజయస్తంభం చూపించడానికి దేవరంపాడు తీసుకెళ్లినప్పుడు ఈ రెండు తేదీలూ పక్కపక్కన చెప్పండి. వీలైతే అదే బస్సులో స్టువర్టుపురం కూడా తీసుకెళ్లండి.