చిన్న ఉపగ్రహాలకు అయోడిన్ చోదకం: కక్ష్యలో రుజువైనదెంత?

ఉపగ్రహాల ప్లాస్మా థ్రస్టర్లలో సంప్రదాయంగా వాడేది జెనాన్. అది అరుదైన వాయువు, ఖరీదైనది. అధిక పీడనంతో ట్యాంకులో నింపాలి. ఇరవై కిలోల ఉపగ్రహంలో ఆ ట్యాంకుకు, వాల్వులకు చోటు దొరకడమే కష్టం. అయోడిన్ ఈ చిక్కును తీర్చగలదా?

అయోడిన్ పరమాణు భారం 127, జెనాన్‌ది 131. పెద్ద తేడా లేదు. పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి జెనాన్‌కు 12.13 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అయోడిన్‌కు 10.45 చాలు. పైగా గది ఉష్ణోగ్రతలో అది ఘనపదార్థం. పీడన ట్యాంకు అక్కర్లేదు. వేడిచేస్తే నేరుగా ఆవిరవుతుంది. రేడియో తరంగాల యాంటెన్నా ఆ ఆవిరిని ప్లాస్మాగా మారుస్తుంది. అధిక వోల్టేజీ ఉన్న జాలీలు అందులోని అయాన్లను వేగంగా బయటికి నెడతాయి.

ఫ్రాన్స్ సంస్థ థ్రస్ట్‌మీ తయారుచేసిన ఇలాంటి థ్రస్టర్ 2020 నవంబరులో బెయ్‌హాంగ్‌కాంగ్‌షి-1 అనే చైనా ఉపగ్రహంతో కక్ష్యకు చేరింది. 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం దాన్ని 11 సార్లు, ఒక్కోసారి 80-90 నిమిషాలు నడిపారు. ప్రతిసారీ కక్ష్య ఎత్తు 200-400 మీటర్లు మారింది.

ఈ అంకెలను సరిచూడవచ్చు. థ్రస్టు సుమారు 0.8 మిల్లీన్యూటన్లు, అంటే మూడు నాలుగు బియ్యపు గింజల బరువు. అంత తోపుడు 90 నిమిషాలు అందితే ఇరవై కిలోల ఉపగ్రహ వేగం సెకనుకు 0.2 మీటర్లు మారుతుంది. దిగువ భూకక్ష్యలో అది దాదాపు 400 మీటర్ల ఎత్తు తేడా. లెక్కకూ కొలతకూ పొంతన కుదిరింది.

ఇంజనీరింగ్ చిక్కులు వేరే ఉన్నాయి. ప్రయోగ సమయంలో కంపనాలకు అయోడిన్ ముక్కలైపోకుండా దాన్ని సన్నని రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్‌లో నింపారు. లోహాలను తినేసే గుణం వల్ల అయోడిన్ తగిలే భాగాలకు రక్షణ కావాలి. థ్రస్టర్ వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది కాబట్టి ఢీకొనే ప్రమాదం నుంచి ఉన్నపళంగా తప్పుకోవలసి వస్తే ఇది అక్కరకు రాదు.

అయోడిన్ కక్ష్యలో పనిచేస్తుందన్నది నిరూపితమైంది. ఈ థ్రస్టర్ ఏళ్ల తరబడి మన్నుతుందని చెప్పడానికి మాత్రం 11 సార్లు నడపడం చాలదు. వేల గంటల పరీక్షల్లో తుప్పును కొలిచాకే, దీర్ఘకాల యాత్రల బాధ్యతను దీనికి అప్పగించాలి.