చిక్కుముడికి శక్తితో పోలిక ఎక్కడ పుట్టింది?

దూరంగా ఉన్నా రెండు కణాల స్థితిని విడివిడిగా వర్ణించలేని క్వాంటం చిక్కుముడికి ష్రోడింగర్ 1935లో పేరు పెట్టాడు. ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్‌ల పత్రం వచ్చిందీ ఆ ఏడాదే. 1964లో బెల్ ఆ పత్రం లేవనెత్తిన ప్రశ్నను ప్రయోగానికి అందేలా చేశాక కూడా వాదమంతా ప్రకృతి స్వభావం చుట్టూనే తిరిగింది. 1993లో బెన్నెట్, ఆయన సహచరులు ప్రతిపాదించిన టెలిపోర్టేషన్‌తో చూపు మారింది. ఒక క్యూబిట్ (క్వాంటం బిట్) స్థితిని అవతలి చోటికి చేర్చాలంటే చిక్కుబడ్డ జంట ఒకటి హరించుకుపోతుంది, రెండు మామూలు బిట్ల కబురూ పంపాలి. ఖర్చయ్యేదానికి కొలత కావాలి. శక్తితో పోలిక పుట్టింది ఈ అవసరంలోంచే గాని, రెండూ ఒకటేనన్న ఊహలోంచి కాదని నా అభిప్రాయం.

1997లో పొపెస్కు, రోర్లిక్ వాదించిన తీరే ఇందుకు ఆధారం. ఆవిరి యంత్రాల గురించి 1824లో కార్నో చేసిన తర్కం అది. ఒకే రెండు ఉష్ణోగ్రతల మధ్య వెనక్కీ ముందుకీ నష్టం లేకుండా నడిచే యంత్రాలు రెండుంటే, ఒకటి ఎక్కువ పని ఇచ్చిన పక్షంలో దాంతో రెండోదాన్ని వెనక్కి నడిపి ఊరికే పని పుట్టించవచ్చు. అది అసాధ్యం, కాబట్టి రెండింటి సామర్థ్యం సమానం. ‘ఊరికే పని’ ఉన్నచోట పొపెస్కు, రోర్లిక్ ‘ఊరికే చిక్కుముడి’ని పెట్టారు. దూరాన ఉన్న ఇద్దరు ఎవరి కణంపై వారు పనిచేసి, ఫోన్లో మాట్లాడుకున్నంత మాత్రాన చిక్కుముడి పుట్టదు. బలహీనంగా చిక్కుబడ్డ అనేక జంటల్ని కొన్ని పూర్తి జంటలుగా మార్చి, మళ్లీ దాదాపు నష్టం లేకుండా వెనక్కి తేవచ్చని 1996లోనే బెన్నెట్, బెర్న్‌స్టైన్, పొపెస్కు, షూమాకర్ చూపించారు. ఈ రెండూ కలిస్తే స్వచ్ఛ స్థితులకు ఒకే కొలత మిగులుతుంది: జంటలో ఒక భాగానికున్న ఎంట్రోపీ.

శక్తి నశించదు, చిక్కుముడి మాత్రం పరిసరాల తాకిడికి చెదిరిపోతుంది కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే పోల్చాల్సింది మొత్తం శక్తితో కాదు, పనికి మార్చుకోగల స్వేచ్ఛాశక్తితో, అదీ తరిగిపోయేదే. ఇంతకన్నా గట్టి దెబ్బ మిశ్రమ స్థితుల నుంచి, అంటే స్వచ్ఛ స్థితులు కలగలిసిన వాటి నుంచి, తగిలింది. చిక్కుబడి ఉండి కూడా ఒక్క స్వచ్ఛమైన జంటనైనా ఇవ్వని స్థితులున్నాయని 1998లో పోలండ్‌కు చెందిన హొరొడెత్స్కీలు, తండ్రీ ఇద్దరు కొడుకులు, కనుగొన్నారు. అలాంటి ఒక స్థితి తయారీకి మాత్రం చిక్కుముడి ఖర్చు తప్పదని 2001లో విడాల్, సిరాక్ నిరూపించారు. పెట్టింది తిరిగి రాదన్నమాట. చిక్కుముడిని ఏమాత్రం పుట్టించని ప్రక్రియలన్నింటినీ అనుమతించినా ఈ నష్టం పోదని 2023లో లామీ, రెగులా తేల్చారు. అందువల్ల పోలిక వ్యర్థమని నేననను. అది అంత కచ్చితంగా ఉండబట్టే ఎక్కడ తెగిందో కనిపెట్టగలిగారు. చిక్కుముడి శక్తిలాంటిదని ఎవరైనా రాస్తే, ఏ స్థితులకు, ఏ ప్రక్రియల కింద అని పాఠకులు తప్పక అడగాలి.