గట్టెక్కిన తల్లి

రోహిణి ఎండలకు చెరువు అడుగంటింది. బీటలు తీసిన ఒండ్రుమట్టి కింద ఒక ఆడనత్త పడి ఉంది. గుల్ల నోటికి గట్టిమూత బిగించుకుంది. తిండి లేదు, కదలిక లేదు. నీళ్లలో మొప్పతో, నీళ్లు లేనప్పుడు ఊపిరితిత్తితో గాలి పీల్చుకోగల జీవి కాబట్టే వేసవిని ఇలా దాటేస్తోంది. డిగ్రీలో జువాలజీ చదివినవారు ల్యాబ్‌లో కోసి చూసిన పైలా గ్లోబోసా ఇదే.

మృగశిర కార్తె వచ్చింది. ఓ సాయంత్రం ఉరుములు, వెంటనే కుండపోత. తడి మట్టిలోకి దిగేసరికి మూత కదిలింది. మెత్తటి పాదం బయటికొచ్చింది. నెలల ఆకలి! దొరికిన నాచు, నీటిమొక్క ఆబగా తింది.

ఆ నీళ్లలోనే ఒక మగనత్త ఎదురైంది. ఆమెకన్నా చిన్నది, గుల్ల ఉబ్బు కూడా తక్కువ. ఆమె గుల్ల మీదికెక్కి కుడివైపుకు చేరింది. దాదాపు 3 గంటలు రెండూ విడిపోలేదు. మగనత్త ఇచ్చిన వీర్యకణాలను ఆమె ఒంట్లోని సంచి భద్రపరచుకుంది.

నత్తలన్నిటిదీ ఒకే పద్ధతి అనుకోకండి. మన చెరువుల్లోనే ఉండే లిమ్నియాలో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి. జెల్లీలో పొదిగిన గుడ్లను అది నీటిమొక్కలకు అంటిస్తుంది. బెల్లామియా ఏకంగా పిల్లల్నే కంటుంది. పైలాది వీటన్నిటికన్నా కష్టమైన దారి. నీళ్లలో బతికే తల్లి గుడ్ల కోసం నీళ్లు వదిలి నేల మీదికి రావాలి.

ఒకట్రెండు రోజులకు ఆమె బయల్దేరింది. గట్టు మీద దాపు లేదు. పైన నత్తగుల్ల కొంగలు తిరుగుతుంటాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఆ కొంగలకు ముఖ్యమైన మేత ఈ నత్తలే. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో గూళ్లు కట్టే ఈ కొంగలు పిల్లల్ని సాకేది కూడా వీటితోనే. దొరికితే గుల్లలోంచి కండ మొత్తం లాగేస్తాయి.

ఆమె దొరకలేదు. గట్టు వారన తేమగా ఉన్న ఒక బొరియ చూసుకుని అందులో ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టింది. తెల్లగా, గుండ్రంగా, సున్నపు పెంకుతో ఉంటాయవి. ఒక్కో తల్లి పెట్టేవి 200 నుంచి 800 దాకా. పొదగదు, కాపలా కాయదు. అయినా తల్లి అనడానికి నాకు సంకోచమేమీ లేదు. పిల్లలకు సరైన చోటు కోసం ప్రాణాన్నే పణంగా పెట్టింది కదా!

ఈ నత్తకు ఈదే లార్వా దశ లేదు. గుడ్డు పగిలితే గుల్లతో సహా బుల్లి నత్తే బయటికొస్తుంది, పాక్కుంటూ నీటి దారి పడుతుంది.

చెరువు చుట్టూ మట్టిగట్టు తీసేసి సిమెంటు గోడ కట్టినచోట ఈ తల్లికి గుడ్లు పెట్టే తావే ఉండదు. సుందరీకరణ పనులు చేయించే పెద్దలు కనీసం ఒక వైపైనా మట్టిగట్టు వదిలిపెట్టాలి. రైతు సోదరులకూ ఒక మనవి. తొలకరి తర్వాత గట్టు చెక్కేటప్పుడు తెల్లటి గుడ్లముద్ద బయటపడితే పారేయకండి, మళ్లీ తడిమట్టి కప్పేయండి.