పశువుల మేత నుంచి మన కంచం దాకా

1860ల్లో జర్మనీలోని వెండే పరిశోధనా కేంద్రంలో హెన్నెబర్గ్, స్టోమన్ అనే శాస్త్రవేత్తలు పశువుల మేతను పరీక్షించే పద్ధతి ఒకటి రూపొందించారు. మేతను ముందు ఆమ్లంలో, తర్వాత క్షారంలో మరిగించి, మిగిలిన పిప్పిని తూచేవారు. దానికి ముడి పీచు అని పేరు. మనుషుల తిండిని కూడా దాదాపు వందేళ్లు ఇలాగే కొలిచారు. ఆ మరుగులో పీచు చాలావరకు కరిగిపోయేది. అందుకే పోషకాల పట్టికలో దానికి దక్కింది చిన్న అంకె, చిన్న గౌరవం.

ఆ చిన్నచూపును వదిలించింది ఆఫ్రికా.

ఐర్లండ్‌లో పుట్టిన సర్జన్ డెనిస్ బర్కిట్ 1946లో ఉగాండా వెళ్లి, ఇరవై ఏళ్లు అక్కడే పనిచేశాడు. బ్రిటన్ ఆసుపత్రుల్లో నిత్యం కనిపించే అపెండిసైటిస్, పెద్దపేగు క్యాన్సర్ అక్కడి పల్లెవాసుల్లో అరుదు. కారణం తిండిలో ఉందేమోనని అనుమానించిన బర్కిట్, వాకర్, పెయింటర్ అనే సహచరులతో కలిసి, చాలామంది డాక్టర్లు మొహం తిప్పుకునే పని చేశాడు: జనం మలాన్ని తూచాడు. 1972లో వెలువడిన లెక్క ప్రకారం ఉగాండా పల్లెల్లో అది రోజుకు సుమారు 470 గ్రాములు, బ్రిటిష్ నావికుల కుటుంబాల్లో 104. తిన్నది బయటికి రావడానికి ఉగాండా పల్లెల్లో 36 గంటలు, బ్రిటిష్ కుటుంబాల్లో 83. జబ్బుల తేడాకు పీచే కారణమని దీనితో రుజువైపోదు. కానీ దాన్ని పనికిరాని పిప్పిగా చూసే రోజులు మాత్రం పోయాయి.

మరి రోజుకు ఎంత కావాలి? గుండెజబ్బుల పరిశోధనల ఆధారంగా 2002లో అమెరికా నిపుణులు 1000 కేలరీలకు 14 గ్రాములన్నారు. ఆ లెక్కన ఆడవాళ్లకు 25, మగవాళ్లకు 38. బ్రిటన్ 2015లో 18 నుంచి 30కి పెంచింది. ఆ పెరుగుదలలో కొంత భాగం కొలిచే పద్ధతి మారినందువల్ల వచ్చిందే. పదేళ్లు దాటిన వారందరికీ కనీసం 25 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

కొలత మారితే అంకె ఎంత మారుతుందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లోనే చూడవచ్చు. 1971 నాటి పుస్తకంలో వంద గ్రాముల రాగుల్లో పీచు 3.6 గ్రాములు. 2017 పట్టికలో 11కు పైనే. రాగులు అవే, కొత్త పద్ధతి పీచునంతా లెక్కలోకి తెచ్చింది.

అదే పట్టిక ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములే. రోజుకు 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు వండుకు తినేవారికి వాటినుంచి 13 గ్రాములు దాటదు. మిగతాది ఆకుకూరలు, కూరగాయలు, పొట్టు తీయని గింజలు, పండ్ల నుంచి రావాలి. వంద గ్రాముల జామకాయ ఒక్కటే ఎనిమిది గ్రాముల పైచిలుకు ఇస్తుంది.