నీడ లేనివారి కోసం మేయరు పదవి

1923 డిసెంబరు నెలాఖరున మన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అధ్యక్షులు మౌలానా మహమ్మదలీ. ఆ సభల వైభవాన్ని మన పెద్దలు చాలా కాలం కథలు కథలుగా చెప్పుకున్నారు. కాని ఆ సభలో వీగిపోయిన ఒక ఒప్పందాన్ని గురించి ఎవరూ అంతగా చెప్పుకోలేదు. దాన్ని కాకినాడకు తెచ్చినవారు బెంగాలు నాయకులు దేశబంధు చిత్తరంజన్ దాస్. ఆ ఒప్పందంతోనూ, కలకత్తా మేయరు పదవితోనూ, ఆ నగరంలో నిలువ నీడ లేని పేదల గోడుతోనూ ముడిపడిన చరిత్ర ఒకటి ఉంది. ఈ నాలుగు పుటలలో దాన్ని పాఠక సోదరుల ముందుంచాలని నా ప్రయత్నం.

ముందు ఒప్పందం మాట. అప్పటి బెంగాలులో ముస్లిములు జనాభాలో సగానికి మించి ఉండేవారు. కాని కచేరీల్లో, కొలువుల్లో వెదికినా కనబడేవారు కారు. స్వరాజ్యం వచ్చిన నాడు ప్రభుత్వోద్యోగాల్లో నూటికి 55 వారికి చెందాలని దాస్ గారు ముస్లిం నాయకులతో రాసుకున్న కాగితమే బెంగాలు ఒప్పందం. కాకినాడ సభ దాన్ని కాదన్నది. దాస్ గారు అలిగి ఇంట్లో కూర్చోలేదు. 1924 జూనులో సిరాజ్‌గంజ్‌లో జరిగిన రాష్ట్ర మహాసభలో దాన్ని నెగ్గించుకున్నారు. ఈ రెంటికీ నడుమ, అదే ఏడు వసంత కాలంలో, ఆయన కలకత్తా నగరానికి మేయరు అయ్యారు.

మేయరు అనే పదవి కలకత్తాకు అప్పుడు కొత్త. ఒకనాటి జాతీయ నాయకుడు, అప్పటి మంత్రి సురేంద్రనాథ్ బెనర్జీ తెచ్చిన 1923 మునిసిపల్ చట్టం వల్ల అది పుట్టింది. ఓటర్ల సంఖ్య పెరిగింది. స్త్రీలకూ ఓటు దక్కింది. కౌన్సిలర్లు కూడి మేయరును ఎన్నుకోవాలి. రోజువారీ పాలనకు ముఖ్య కార్యనిర్వహణాధికారి ఒకరు ఉండాలి. 1924 మార్చి ఎన్నికల్లో దాస్ గారి స్వరాజ్య పక్షం ఎక్కువ స్థానాలు గెలిచింది. ఏప్రిల్‌లో ఆయన మొదటి మేయరు అయ్యారు. ఉప మేయరు హుసేన్ షహీద్ సుహ్రావర్ది. ముఖ్య కార్యనిర్వహణాధికారి 27 ఏళ్ల యువకుడు సుభాష్ చంద్ర బోస్. నెలకు 3,000 రూపాయల జీతం ఉన్నా ఆయన సగమే తీసుకున్నారు.

ఇక ఆ నగరం ఎట్లా ఉండేదో కాస్త చూద్దాం. కలకత్తాలో బస్తీ అంటే మన కోస్తా జిల్లాల్లో అనుకునే బస్తీ, అనగా పట్నం, కాదు. మట్టిగోడలు, పైన పెంకులు, మధ్యన మురుగు, అదీ బస్తీ. నేల ఒకరిది. ఆ నేలను అద్దెకు తీసుకుని గుడిసెలు వేసేవాడు ఇంకొకడు. ఆ గుడిసెలో ఒక గదిని అద్దెకు తీసుకుని కాపురం చేసేవాడు మూడో మనిషి. నేల ఆసామికి పేదవాడి ముఖం తెలియదు, పేదవాడికి నేల ఆసామి పేరు తెలియదు. ఆ గది కూడా దొరకనివాడికి ఫుట్‌పాతే గతి. బీహారు, ఒరిస్సా, సంయుక్త రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన జనం వీరిలో ఎందరో. హుగ్లీ తీరాన జనపనార మిల్లుల్లో మన గంజాం ప్రాంతపు తెలుగు కూలీలు సైతం ఉండేవారు.

ఇట్టి నగరానికి మేయరు అయిన దాస్ గారు తాను చేయదలచిన పనులను జాబితాగా ప్రకటించారు. ఉచిత ప్రాథమిక విద్య, పేదలకు ఉచిత వైద్యం, కల్తీ లేని తిండి, పాలు చౌకగా అందించడం, మంచినీరు, బస్తీల్లో, ఇరుకు పేటల్లో పారిశుద్ధ్యం, పేదలకు ఇళ్లు, శివారు ప్రాంతాల అభివృద్ధి, రాకపోకల సౌకర్యాలు, తక్కువ ఖర్చుతో మెరుగైన పాలన. మొత్తం తొమ్మిది. తెల్లదొరల పేటకు దీపాలు, రోడ్లు అమర్చడమే మునిసిపాలిటీ పని అని అనుకునే రోజుల్లో “పేదలకు ఇళ్లు” అనే మాట మేయరు నోట రావడమే గొప్ప. పేదవాడిని సాక్షాత్తు నారాయణుడిగా తలచి సేవించాలన్నది దాస్ గారి భావన.

మరి ఈ తొమ్మిదింటిలో ఎన్ని నెరవేరాయి? న్యాయంగా లెక్క చెప్పుకోవాలి. ప్రాథమిక పాఠశాలలు పెరిగాయి. పేటల్లో ఉచిత వైద్యశాలలు వెలిశాయి. కార్పొరేషను ఉద్యోగులు ఖద్దరు తొడిగారు. నగర పాలన సంగతులు జనానికి తెలిసేలా మునిసిపల్ గెజెట్ అనే వారపత్రిక 1924లోనే మొదలైంది. కొలువుల విషయంలోనూ మాట నిలబెట్టుకున్నారు. ఖాళీ అయిన 33 ఉద్యోగాల్లో 25 ముస్లిములకు ఇచ్చారు. పత్రికల్లో పెద్ద గోల లేచింది. అంతవరకు ఒకరి గుత్తగా ఉన్న కొలువులు ఇప్పుడు అందరికీ రావడం న్యాయమేనని సుభాష్ బాబు వెనక్కి తగ్గకుండా జవాబు చెప్పారు. కాకినాడలో కాగితం మీద ఓడిన ఒప్పందం కలకత్తా కచేరీలో కొంతైనా అమలు అయిందన్నమాట.

కాని ఇళ్లు? ఇళ్ల సంగతి మాత్రం జాబితాలోనే ఉండిపోయింది. ఎందుచేత?

మొదటిది, కాలం కలిసి రాలేదు. 1924 అక్టోబరు 25న సుభాష్ బాబును విచారణ లేకుండా నిర్బంధించారు. జైల్లోనే కొంతకాలం కార్పొరేషను ఫైళ్లు చూశారు. తరువాత ఆయన్ను బర్మాలోని మాండలే జైలుకు పంపేశారు. 1925 జూన్ 16న దాస్ గారు డార్జిలింగులో కన్నుమూశారు. మేయరుగా ఆయనకు దక్కినవి పట్టుమని పధ్నాలుగు నెలలు.

రెండవది, నేల మేయరు చేతిలో లేదు. పాత పేటలు పడగొట్టి రోడ్లు వేసే అధికారం 1911 చట్టంతో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంటు ట్రస్టుది. అది కార్పొరేషనుకు వేరుగా ఉన్న సంస్థ. వెడల్పు రోడ్డు పడితే ఊరికి గాలి, వెలుతురు వస్తాయి, నిజమే. కాని ఆ దారిలో గుడిసె ఉన్నవాడు ఎక్కడికి పోవాలి? ఇంకొంచెం దూరాన ఇంకో బస్తీకే. అక్కడ అద్దె పెరుగుతుంది, ఇరుకు పెరుగుతుంది. చెత్తను ఒక వాకిట నుంచి ఊడ్చి పక్కవాకిట పోసినట్టు.

మూడవది, డబ్బు. కార్పొరేషను ఆదాయం ముఖ్యంగా ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్ను. ఓటు కూడా చాలా మటుకు పన్ను, అద్దెల లెక్కతోనే వచ్చేది. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు పన్ను కట్టలేడు కనుక వాడికి ఓటు లేదు. ఓటు లేనివాడి కోసం ఓటున్నవాడి మీద పన్ను పెంచాలంటే కౌన్సిలరుకు ఎంత గుండె ధైర్యం కావాలి!

దాస్ గారు తన వరకు తాను చేయగలిగింది చేశారు. లక్షలు గడించిన బారిస్టరు వృత్తి ఏనాడో వదిలేశారు. చివరకు తాను కాపురమున్న భవనాన్ని కూడా ప్రజలకు రాసి ఇచ్చేశారు. అది స్త్రీల ఆసుపత్రి అయింది, నేటికీ చిత్తరంజన్ పేరే దానికి. ఇల్లు లేనివారికి ఇల్లు కట్టించలేకపోయిన మేయరు తన ఇల్లు తానే వదులుకున్నాడు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు పాత ఇళ్లూ సందులూ తొలగించి వేసిన సెంట్రల్ అవెన్యూకు తరువాత చిత్తరంజన్ అవెన్యూ అని ఆయన పేరే పెట్టారు. పేరు నిలిచింది, పని మిగిలింది.

ఆ మిగిలిన పనిని సుభాష్ బాబు మరిచిపోలేదు. 1930లో ఆయన జైల్లో ఉండగానే మేయరుగా ఎన్నికయ్యారు. గురువుగారి జాబితాను మళ్లీ గుర్తు చేశారు. 1933లో వైద్యం కోసం ఐరోపా వెళ్లి వియన్నా నగరంలో దిగారు. రోగి అయి వెళ్లినా కళ్లు మాత్రం నగర పాలన మీదే. అక్కడి మేయరు కార్ల్ జైట్జ్‌ను కలిశారు, ఇళ్లు చూశారు, ఆ విశేషాలు కలకత్తా మేయరుకు ఉత్తరం రాశారు.

ఏమిటా విశేషాలు? మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వియన్నాలో ఇళ్ల కరువు భయంకరంగా ఉండేది. ఒకే గదిలో రెండు మూడు కుటుంబాలు. మంచం కూడా వంతుల వారీగా అద్దెకిచ్చేవారట, రాత్రి ఒకరికి, పగలు ఒకరికి. 1919లో స్త్రీ పురుషులందరికీ సమాన ఓటు మీద నగర ఎన్నిక జరిగి సోషల్ డెమోక్రాట్లు గెలిచారు. 1922లో వియన్నా స్వయంగా ఒక రాష్ట్రం అయింది, తన పన్నులు తానే వేసుకునే అధికారం వచ్చింది. కీలకమంతా ఇక్కడే ఉంది. 1923లో ఇళ్ల నిర్మాణానికి ప్రత్యేకంగా పన్ను వేశారు. గుడిసెవాడికి దమ్మిడీ, మేడవాడికి మోపెడు. నగరంలోని ఇళ్లలో నూటికి ఒకటి కూడా లేని మహా భవనాల నుంచే ఆ పన్నులో సుమారు నూటికి 45 వంతులు వచ్చాయి. మోటారు కార్ల మీద, ఇంటి నౌకర్ల మీద, వినోదాల మీద వేరే పన్నులు. ఐదేళ్లలో 25,000 ఇళ్లు కడతామన్నారు, గడువుకు ముందే కట్టారు. 1934 నాటికి 60,000 దాటాయి. కార్ల్ మార్క్స్ పేరిట 1930లో తెరిచిన ఒక్క భవనంలోనే 1,382 కాపురాలు. కిలోమీటరు పొడవు, లోపల విశాలమైన తోటలు, చాకిరేవు గదులు, పిల్లల బడులు, వైద్యశాల. అద్దె కూలివాడి ఆదాయంలో చాలా చిన్న వంతు.

అక్కడా కథ సుఖాంతం కాలేదు. 1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో సైన్యం ఆ భవనం మీద ఫిరంగులు పేల్చింది. మేయరు జైట్జ్‌ను ఆయన కచేరీలోనే నిర్బంధించారు. అయినా ఇళ్లు నిలిచాయి. నేటికీ వాటిలో కాపురాలున్నాయి.

రెండు నగరాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటతెల్లం. కలకత్తా మేయరుకు మనసు లేకపోలేదు. వియన్నా మేయరుకున్నంత మనసూ ఉన్నది. లేనివి మూడు: నేల మీద అధికారం, పన్ను మీద అధికారం, పేదవాడి చేతిలో ఓటు. ఈ మూడూ లేని పదవిలో దేవదూతను కూర్చోబెట్టినా బడి కట్టించగలడు, మందులిప్పించగలడు, గూడు మాత్రం కట్టించలేడు. 1935లో ఫజ్లుల్ హక్ గారు కలకత్తాకు తొలి ముస్లిం మేయరు అయినప్పుడు మన వారు గర్వించారు, గర్వించవలసిందే. కాని ఎనిమిదేళ్ల తరువాత 1943 కరువులో పల్లెల నుంచి వచ్చిన జనం అదే నగరపు ఫుట్‌పాతుల మీద ఆకలితో ప్రాణాలు విడిచారు. పీఠం మీద ఎవరున్నారన్నది ఒక ప్రశ్న. పీఠానికి ఏ శక్తి ఉన్నదన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఇదంతా ఎప్పటిదో పాత చరిత్ర కదా అని మీరనవచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేల పైచిలుకు, అందులో పట్టణాల్లోనే 9 లక్షల 38 వేలు. రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమలులోకి వచ్చి, మురికివాడల బాగు, పట్టణ పేదరిక నిర్మూలన మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనులని చెప్పింది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక రాత్రింబవళ్ల ఆశ్రయం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగితాలకు కొదవ లేదు. అడిగేవారికే కొదవ.

కనుక మన పట్టణంలో మునిసిపల్ ఎన్నిక వచ్చి, అభ్యర్థి వాకిట్లో నిలబడి నమస్కారమో సలామో చేసినప్పుడు మనం మూడు ప్రశ్నలు అడగాలి. అయ్యా, ఇల్లు లేనివారికి నేల ఎక్కడ చూపిస్తారు? డబ్బు ఎవరి దగ్గర తెస్తారు? ఊరు బాగుచేసే పేరుతో ఎవరినీ వెళ్లగొట్టరు కదా? మన కులమా, మన మతమా, మన పార్టీయా అన్న ప్రశ్నలు వీటి తరువాత.

ఇంకొక్క పని మన చేతుల్లోనే ఉంది. 1924లో ఫుట్‌పాత్ మీది మనిషికి ఓటు లేదు. నేడు ఉంది. చిరునామా కాగితం లేకపోయినా, రాత్రివేళ వచ్చి అతడు అక్కడే పడుకుంటున్నాడని పోలింగు కేంద్రపు అధికారి చూసుకుంటే పేరు చేర్చవచ్చునని ఎన్నికల సంఘం నిబంధన. స్టేషను ముందు, బస్టాండు అరుగు మీద, మసీదు మెట్ల దగ్గర, గుడి గోడ పక్కన పడుకునేవారి పేర్లు జాబితాలోకి ఎక్కించడానికి నలుగురు యువకులు నాలుగు రాత్రులు తిరిగితే చాలు. దాస్ గారి జాబితాలో ఆగిపోయిన ఆరో పని మన ఊళ్లో అక్కడి నుంచే మొదలు కావాలి.